గడువు పొడిగించినంత మాత్రాన గొడవ తీరదు

2025 ఆగస్టు 28న ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి ఒక తీర్మానం చేసింది. దాని నంబరు 2790. దక్షిణ లెబనాన్‌లో ఇజ్రాయెల్ సరిహద్దు వెంబడి ఉన్న సమితి శాంతి పరిరక్షక దళానికి చివరిసారిగా గడువు పెంచుతున్నామని, 2026 డిసెంబర్ 31తో దాని పని ముగుస్తుందని, ఆ తర్వాత ఏడాది లోపల దళం మొత్తం వెనక్కి రావాలని అందులో రాశారు. మండలిలో ఒక్క సభ్యదేశం కూడా కాదనలేదు.

ఆ దళం పేరులోనే 'తాత్కాలిక' అన్న మాట ఉంది. 1978 మార్చిలో అక్కడికి వెళ్లింది. తాత్కాలికంగా వెళ్లినది నలభై ఎనిమిదేళ్లు ఉండిపోయింది. 2025లో ఆ తీర్మానం నాటికి పది వేల పైచిలుకు సిబ్బంది ఉన్న ఆ దళంలో సుమారు 900 మంది మన భారత సైనికులు ఉండేవారు.

చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల తెలుగు ఇళ్లకు లెబనాన్ సంగతి ఎందుకని ఎవరైనా అడగవచ్చు. ఈ రకం గడువులు, పొడిగింపులు మన బంధువుల ఊళ్ల నీళ్ల దాకా వచ్చాయి కాబట్టే ఈ వ్యాసం. రెండు పక్షాల మధ్య గొడవ, నడుమ మూడో మనిషి, ఆ మూడో మనిషికి గడువు, గడువు తీరగానే పొడిగింపు. కృష్ణా నది మీద జరుగుతున్నది ఇదే. చిత్రావతి, పాపఘ్నిల మీద రేపు జరగకూడదనుకుంటే ఈ పద్ధతి ఎక్కడ పని చేసిందో, ఎక్కడ చేయలేదో మనం తెలుసుకోవాలి.

నడుమ నిలబడే మనిషి చేసే పని

సమితి పంపేవాళ్లలో రెండు రకాలున్నారు. ఒక రకం ఆయుధాలతో వెళ్లే శాంతి పరిరక్షక దళం. రెండో రకం పరిశీలకులు. పరిశీలకుల చేతిలో తుపాకీ ఉండదు. కాల్పుల విరమణ గీత వెంబడి తిరుగుతారు, ఎవరు దాటారో, ఎవరు కాల్చారో చూస్తారు, రాసి పైకి పంపుతారు. తీర్పు చెప్పే అధికారం వాళ్లకు లేదు. ఆపే బలం అసలే లేదు. 'మూడో మనిషి చూస్తున్నాడు' అన్న జంకే వాళ్ల బలమంతా.

ఈ పనిలో మన దేశానికి, మన రాష్ట్రానికి పాత అనుభవమే ఉంది. కొడగుకు చెందిన జనరల్ కె.ఎస్. తిమ్మయ్య కొరియా యుద్ధం ముగిశాక 1953-54లో యుద్ధ ఖైదీల అప్పగింతను చూసిన తటస్థ దేశాల కమిషన్‌కు అధ్యక్షుడు. 1964లో సైప్రస్‌లో సమితి దళానికి అధిపతిగా వెళ్లి, 1965 డిసెంబర్‌లో అక్కడే ఆ పనిలో ఉండగానే చనిపోయారు. సైప్రస్ ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వేసింది. గ్రీకు, టర్కీ సైప్రస్ వాళ్ల మధ్య గొడవ ఈనాటికీ తెగలేదు. ఆయన నడిపిన దళం ఈనాటికీ అక్కడే ఉంది.

మన ఇంటి ముందున్న ఉదాహరణ కాశ్మీర్. 1949 జనవరి 24న మొదటి పరిశీలకులు అక్కడ దిగారు. 1972 సిమ్లా ఒప్పందం తర్వాత ఇది రెండు దేశాల మధ్య విషయమని, ఆ బృందానికి ఇక పని లేదని భారత్ అంటోంది. అప్పటి నుంచి ఫిర్యాదులు ఇవ్వడం మానేసింది. పాకిస్తాన్ మాత్రం ఇస్తూనే ఉంది. 2014లో ఢిల్లీలో ఆ బృందానికి ఉచితంగా ఇచ్చిన బంగళాను ఖాళీ చేయమని మన ప్రభుత్వం చెప్పింది. అయినా బృందం పోలేదు. దాని ఖర్చు సమితి మామూలు బడ్జెట్ నుంచి వెళ్తుంది, గడువు పొడిగించాల్సిన అవసరమే లేదు, ముగించాలంటే భద్రతా మండలే తీర్మానం చేయాలి. ఒక పక్షం చెప్పేది రాసుకుంటూ, రెండో పక్షం తలుపు వేసుకుని ఉంటే, పరిశీలకుడు ఊళ్లో ఉన్నా లేనట్టే. రెండు పక్షాలూ ఒప్పుకోకపోతే గడువు ఎంత పొడవున్నా ఉపయోగం ఉండదని డెబ్భై అయిదేళ్ల పైబడిన ఈ అనుభవం చెబుతోంది.

తీసేస్తే ఏమవుతుంది

అలాగని 'పనికిరాని మిషన్, పంపేయండి' అనడమూ తొందరపాటే. 1967 మే నెలలో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సినాయ్, గాజాల్లో ఉన్న సమితి దళాన్ని వెళ్లిపొమ్మన్నాడు. ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ ఒప్పుకున్నారు. ఆ దళానికి అప్పుడు అధిపతి మన మేజర్ జనరల్ ఇందర్‌జిత్ రిఖీ. దళం సర్దుకుంటుండగానే జూన్ 5న యుద్ధం మొదలైంది. ఇంటికి రావాల్సిన భారత సైనికుల్లో కొందరు గాజాలోనే ప్రాణాలు పోగొట్టుకున్నారు.

జార్జియాలో 1993 నుంచి ఉన్న పరిశీలక బృందం 2009 జూన్‌లో రష్యా వీటోతో ముగిసింది. ఎరిత్రియా-ఇథియోపియా సరిహద్దులో ఉన్న బృందానికి ఎరిత్రియా డీజిల్ కూడా అందకుండా చేసింది. 2008 జూలైలో మండలి దాన్ని మూసేసింది. సరిహద్దు ఎక్కడన్నది న్యాయ కమిషన్ 2002లోనే తేల్చి చెప్పింది, అయినా నేల మీద రాళ్లు పాతనే లేదు.

పడమటి సహారాలో మరో తీరు. 1991లో వెళ్లిన మిషన్ అసలు పని, అక్కడి ప్రజలు మొరాకోతో ఉంటారా, వేరుగా ఉంటారా అన్నదానిపై ఓటింగ్ జరిపించడం. ఆ ఓటింగ్ ఈనాటికీ జరగలేదు. 2025 అక్టోబర్ 31న దానికి మరో ఏడాది గడువు ఇచ్చారు. గోలన్ కొండల మీద 1974 నుంచి ఉన్న బృందానికైతే ఆరు నెలలకోసారి పొడిగింపు. అంత క్రమంగా పొడిగిస్తున్నా, 2024 డిసెంబర్‌లో సిరియా ప్రభుత్వం కూలగానే ఇజ్రాయెల్ సైన్యం ఆ తటస్థ భూమిలోకి దిగింది.

ఇన్ని ఉదాహరణలు చెప్పింది ఒక్క మాట కోసం. పొడిగింపుతో సమయం దొరుకుతుంది, అంతవరకే. ఆ సమయంలో గొడవపడే పక్షాలు కూర్చుని మాట్లాడుకుంటే అది మేలు. కూర్చోకపోతే అదొక సాకు అవుతుంది. 'మధ్యలో వాళ్లున్నారు కదా' అని రెండు పక్షాలూ చేతులు కట్టుకుంటాయి.

సాగర్ మీద కేంద్ర బలగం

ఇక ఇంటి సంగతి. 2023 నవంబర్ 30, తెలంగాణలో పోలింగ్ రోజు. ఆ తెల్లవారుజామున వందలాది ఆంధ్ర పోలీసులు నాగార్జునసాగర్ ఆనకట్ట మీదికి వెళ్లి, 26 గేట్లలో 13 వరకు మావేనని ముళ్ల కంచె వేశారు. కుడి కాలువకు నీళ్లు వదిలారు. అటు తెలంగాణ పోలీసులు వచ్చారు. ఒకే భాష మాట్లాడే రెండు రాష్ట్రాల పోలీసులు ఒక ఆనకట్ట మీద ఎదురెదురుగా నిలబడ్డారు.

కేంద్ర హోం శాఖ కార్యదర్శి వీడియోలో రెండు రాష్ట్రాల అధికారులతో మాట్లాడారు. నవంబర్ 28కి ముందు ఎలా ఉందో అలాగే ఉండాలని, ఆనకట్టను సీఆర్‌పీఎఫ్ చూసుకోవాలని ఒప్పించారు. కృష్ణా నదీ యాజమాన్య బోర్డు నీటి విడుదలను చూడాలి. సమితి భాషలో చెప్పాలంటే ఇది అచ్చంగా కాల్పుల విరమణ, మధ్యలో తటస్థ దళం. తాత్కాలికమనే అన్నారు. తర్వాత గడువు తీరడం, మళ్లీ పెంచడం.

అయితే ఈ బలగం దేన్ని కాపలా కాస్తోంది? 811 టీఎంసీల్లో ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అన్న పంపకాన్ని. అది 2015లో ఒక్క ఏడాదికని రాసుకున్న ఏర్పాటు. దాన్నే ఏటేటా లాక్కొచ్చారు, తెలంగాణ అది అన్యాయమంటూ వచ్చింది. నీళ్లు తేల్చాల్సిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 2004 నాటిది. 2023 అక్టోబర్‌లో కేంద్రం దానికి కొత్త విచారణాంశాలు ఇచ్చింది. దాని గడువు కూడా పలుమార్లు పెరిగింది. అంటే తాత్కాలిక బలగం, తాత్కాలిక పంపకం, గడువు పెంచుకున్న ట్రిబ్యునల్. మూడూ ఒకదాని మీద ఒకటి ఆనుకుని నిలబడ్డాయి.

2014 విభజన చట్టం కృష్ణా బోర్డును పెట్టింది. దాని పరిధి ఏమిటో కేంద్రం 2021 జూలై 15న గెజిట్‌లో ప్రకటించింది. ప్రాజెక్టులు బోర్డుకు అప్పగించండి అంటే, 2024 ఫిబ్రవరి 12న తెలంగాణ శాసనసభ అప్పగించేది లేదని తీర్మానం చేసింది. తెలంగాణకు తన కారణాలున్నాయి. వాటా తేలకుండా తాళాలు ఇస్తే ఉన్నది కూడా పోతుందన్నది వాళ్ల భయం. ఆంధ్రకూ తన కారణాలున్నాయి. ఆనకట్ట ఒకరి చేతిలో, కాలువ మరొకరి చేతిలో ఉంటే పంట ఎండే వేళ ఎవరిని అడగాలన్నది వాళ్ల ప్రశ్న. రెండూ అర్థం చేసుకోదగినవే. అందుకే మూడో మనిషి కావాలి. కానీ ఆ మూడో మనిషికి తాళం ఇవ్వం, లెక్క ఇవ్వం, కాపలాకు మాత్రం ఉండు అంటే అతను చేసేదేముంది?

2025 జూలై 16న ఢిల్లీలో ఇద్దరు ముఖ్యమంత్రులు కేంద్ర జలశక్తి మంత్రి దగ్గర కూర్చున్నారు. కృష్ణా ప్రాజెక్టుల దగ్గర టెలిమెట్రీ పరికరాలు పెట్టడానికి, శ్రీశైలం ఆనకట్ట మరమ్మతులకు ఒప్పుకున్నారు. పత్రికల్లో ఇది చిన్న వార్తగానే వెళ్లిపోయింది. మా దృష్టిలో గడువు పొడిగింపు ఉత్తర్వులన్నిటికన్నా ఇదే పెద్ద అడుగు. ఎన్ని నీళ్లు పోయాయన్నది యంత్రం చెబితే, సగం తగాదా అక్కడే చల్లబడుతుంది.

మనకు ఇందులో ఏముందంటే, శ్రీశైలం నీళ్లే హంద్రీ-నీవా కాలువలో మన సరిహద్దు అవతలికి వస్తున్నాయి. మన ఆడబిడ్డల్ని ఇచ్చిన, మనం కోడళ్లను తెచ్చుకున్న హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు చెరువులు ఆ నీటి మీద ఆశ పెట్టుకున్నాయి. కృష్ణా గొడవ ముదిరితే ఆ చివరి కాలువకే ముందు కోత పడుతుంది.

హొసపేటలో డెబ్భై ఏళ్ల పాఠం

పొడిగింపుల గొడవ లేని ఏర్పాటు ఒకటి మన కర్ణాటకలోనే ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లాను విడదీశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి, మిగతా తాలూకాలు మైసూరుకు వచ్చాయి. బళ్లారి తాలూకా గురించి ఎంత కొట్లాట జరిగిందో పాత తరానికి తెలుసు. జస్టిస్ మిశ్రా విచారణ వేసి తేల్చాల్సి వచ్చింది. అంత వేడిలోనే తుంగభద్ర ఆనకట్టకు అదే చట్టం కింద ఒక బోర్డు పెట్టారు. అధ్యక్షుణ్ణి కేంద్రం నియమిస్తుంది, రాష్ట్రాల ప్రతినిధులు సభ్యులుగా ఉంటారు. ఆనకట్టను, ఉమ్మడి కాలువలను బోర్డే చూస్తుంది. తర్వాత బచావత్ ట్రిబ్యునల్ వాటాలు తేల్చి చెప్పింది.

ఆ బోర్డులో లోపాలు లేవని కాదు. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. పూడికతో జలాశయం ఏటా తగ్గుతోంది. తప్పెవరిదన్న మాటలు రాజకీయ వేదికల మీద బాగానే విన్నాం. కానీ గమనించండి. నిండు జలాశయం నుంచి కళ్ల ముందే నీళ్లు పోతుంటే ఆనకట్ట మీదికి ఏ రాష్ట్ర పోలీసులూ కంచె పట్టుకుని వెళ్లలేదు. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు వచ్చారు, ఇంజినీర్లు, కూలీలు కలిసి వారం రోజుల్లో స్టాప్‌లాగ్ దించి ప్రవాహాన్ని ఆపారు. గొడవ పడటానికి కావలసిన కారణాలన్నీ ఉన్నాయి. గొడవ పడితే ఎవరి దగ్గరికి పోవాలో ముందే తెలిసి ఉండటమే తేడా.

సాగర్‌కూ తుంగభద్రకూ ఉన్న తేడా ఇది. ఒకచోట వాటా తేలింది, తాళం తటస్థుడి చేతిలో ఉంది. మరోచోట వాటా తేలలేదు, తాళం పక్షాల దగ్గరే ఉంది, తటస్థుడి చేతిలో లాఠీ మాత్రం ఉంది.

మన నదుల సంగతి

ఇప్పుడు మన గడపకు వద్దాం. నంది కొండల ప్రాంతంలో పుట్టే చిత్రావతి బాగేపల్లి మీదుగా పుట్టపర్తి వైపు పోతుంది. పాపఘ్ని మన జిల్లాలో పుట్టి గాలివీడు దగ్గర వెలిగల్లు జలాశయాన్ని నింపి, కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. ఉత్తర పినాకిని గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు వెళ్తుంది. ఈ మూడు నదుల మీద రెండు రాష్ట్రాల మధ్య ఉన్న పాత కాగితం 1892లో మైసూరు సంస్థానం, మద్రాసు ప్రభుత్వం చేసుకున్న ఒప్పందం. జాబితాలో ఉన్న నదుల మీద మద్రాసు అనుమతి లేకుండా మైసూరు కొత్త జలాశయాలు కట్టకూడదన్నది దాని సారాంశం. సంస్థానమూ లేదు, మద్రాసు ప్రెసిడెన్సీ లేదు. ఒప్పందం పేరు మాత్రం గొడవ వచ్చినప్పుడల్లా బయటికి వస్తుంది.

పరగోడు దగ్గర చిత్రావతి మీద ఆనకట్ట కట్టినప్పుడు, అంటే ఇరవై ఏళ్ల కిందట, అనంతపురం జిల్లా నుంచి ఎంత ఆందోళన వచ్చిందో మన పెద్దలకు గుర్తుంది. ఇది తాగునీటికే అని కర్ణాటక అంది. కింద చెరువులు ఎండిపోతాయని ఆంధ్ర అంది. మన తాలూకాలో ఇంటింటికీ అవతలి వైపు చుట్టరికం ఉంది కాబట్టి ఆ మాటలు మనకు రెండు వైపులా గుచ్చుకున్నాయి. ఇటు మాట్లాడితే 'మీరు ఆంధ్రావాళ్లు' అన్న అనుమానం, అటు వెళ్తే 'మీ కర్ణాటకవాళ్లు' అన్న ఎత్తిపొడుపు.

నీళ్ల కరువు మనకు తక్కువేమీ కాదు. నిండుగా పారే నది లేని జిల్లా మనది. బోర్లలో ఫ్లోరైడ్. బెంగళూరు మురుగు నీటిని శుద్ధి చేసి హెబ్బాళ-నాగవార పథకం కింద మన చెరువుల్లో నింపుతున్నారు. ఎత్తినహొళె నీళ్ల కోసం ఎదురు చూస్తున్నాం. చుక్క నీటినీ ఇక్కడే ఆపుకోవాలన్న కోరిక తప్పు కాదు. కానీ వాన ఎక్కువైన ఏడాది సంగతి కూడా చూడాలి. 2021 నవంబర్‌లో చిత్రావతి, పాపఘ్ని పొంగినప్పుడు కమలాపురం దగ్గర పాపఘ్ని వంతెన కూలింది. పైన ఎన్ని నీళ్లు వదిలారో కింద ఊళ్లకు గంటలు ముందు తెలియడం ప్రాణాల విషయం.

ఈ నదులకు తుంగభద్ర లాంటి బోర్డు లేదు. అంత పెద్ద బోర్డు కావాలని మేము అనడం లేదు. మేము అడిగేది చిన్నది. సరిహద్దు దగ్గర రెండు రాష్ట్రాల ఇంజినీర్లు కలిసి చదివి, కలిసి సంతకం పెట్టే నీటి కొలత. ఆ అంకెలు కన్నడలో, తెలుగులో అందరికీ కనిపించాలి. వరద సమయంలో ఇటు తహశీల్దారు నుంచి అటు తహశీల్దారుకు నేరుగా కబురు పోవాలి. ఏడాదికి రెండుసార్లు, వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, రెండు వైపుల అధికారులు, రైతులు కూర్చోవాలి. దీనికి ట్రిబ్యునల్ అక్కర్లేదు. గొడవ లేని ఏడాదిలో మొదలుపెడితే ఖర్చు తక్కువ, కోపమూ తక్కువ. పోలీసులు ఎదురెదురుగా నిలబడిన రోజున మొదలుపెడితే సాగర్ కథే మళ్లీ.

రాసే పరిశీలకుడు, చదివే ప్రభుత్వం

పరిశీలకుడు రాసింది ఎవరూ చదవకపోతే ఏమవుతుందో భాషా అల్పసంఖ్యాకులుగా మనకు వేరే చెప్పాలా? రాజ్యాంగానికి 1956లో చేసిన ఏడో సవరణతో 350బి అధికరణం వచ్చింది. దాని కింద 1957 నుంచి భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ ఉన్నారు. మన బడుల్లో తెలుగు ఉందా, అల్పసంఖ్యాకులు తగినంత మంది ఉన్నచోట కాగితాలు వాళ్ల భాషలో ఇస్తున్నారా అని చూసి రాష్ట్రపతికి నివేదిక ఇవ్వడం ఆయన పని. నివేదికలు వెళ్తాయి, పార్లమెంటు ముందుకు వస్తాయి. అమలు చేయించే అధికారం మాత్రం ఆ కార్యాలయానికి లేదు. కాశ్మీర్ పరిశీలకుడి స్థితీ ఇంచుమించు ఇదే.

దీనికి ఎదురుగా మన ఊళ్లే ఒక మనిషిని తయారు చేసుకున్నాయి. నీరుగంటి. చెరువు తూము తెరిచేది, మూసేది ఆయన. ఏ మడికి ఎన్ని గంటల నీళ్లో ఆయన లెక్క. చాలా ఊళ్లలో దళిత కుటుంబాలే ఆ పని చేశాయి. ఆయకట్టు రైతులందరూ పంటలో ఇంతని కొలిచి ఇచ్చేవారు. ఊళ్లో పలుకుబడి పెద్దరైతుదే అయినా, తూము దగ్గర మాట నీరుగంటిది. ఆయనకు గౌరవం దక్కాల్సినంత దక్కలేదు, అది వేరే చర్చ. కానీ ఏర్పాటు చూడండి. వాటా ముందే తెలుసు, తాళం ఒక్కరి చేతిలో ఉంది, కూలి అందరూ ఇస్తారు.

ఇకపై ఎక్కడైనా 'గడువు పొడిగించారు' అన్న వార్త వస్తే, అది లెబనాన్ అయినా సాగర్ అయినా, మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఆ మనిషిని రెండు పక్షాలూ లోపలికి రానిస్తున్నాయా? లెక్క అతని చేతికి ఇచ్చారా? ఇంతకు ముందు ఇచ్చిన గడువులో అసలు తగాదా ఒక్క అడుగైనా కదిలిందా? మూడింటికీ 'లేదు' అన్నదే జవాబైతే ఆ పొడిగింపు కాగితం మీద తేదీ మార్చడమే.

మన మూడు తాలూకాల శాసనసభ్యులు, సరిహద్దు అవతల ఉన్న వాళ్లు ఎన్నికలు లేని సమయంలో ఒక్కసారి బాగేపల్లిలోనో హిందూపురంలోనో కూర్చుని చిత్రావతి కొలత గురించి మాట్లాడాలని మేము కోరుతున్నాం. రెండు భాషలూ వచ్చినవాళ్లం, రెండు వైపులా చుట్టాలున్నవాళ్లం. ఆ కూర్చోబెట్టే పనికి మనకన్నా తగినవాళ్లు ఎవరున్నారు? రైతు సంఘాల్లో, గ్రామ పంచాయతీల్లో ఉన్న మన పాఠకులు ఈ వానాకాలానికి ముందే ఆ మాట ఎత్తాలి.